తొండం బండికి మోట తోలు

ఈ మధ్య మా వీధిలో మోరీ తవ్వడానికి పసుపు రంగు యంత్రం ఒకటి వస్తే, కుర్చీ బయట వేసుకుని రెండు గంటలు చూశాను. నడిపే మనిషి గాజు గదిలో కూర్చుని రెండు వేళ్లతో పుల్ల కదుపుతున్నాడు. బండెడు మట్టి గాల్లోకి లేచి, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతోంది. నా కళ్లు ఆ ఆగడం మీదే ఉన్నాయి. ఎత్తిన బరువు ఎత్తినట్టే నిలబడటం ఎంత పెద్ద సంగతో ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. వాళ్లకు తెలియాల్సిన అవసరం కూడా రాలేదు. నాకు మాత్రం వచ్చింది. దాన్ని నేర్పింది తోలు పని చేసే ఒక మనిషి. ఆయన గురించి, ఆయన పట్ల నేను చేసిన తప్పు గురించి చెప్తాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లు అయిందేమో. మాది నిర్మల్ దగ్గర పల్లె. కరీంనగర్‌లో ఒక సర్కారు వర్క్‌షాపులో ట్రాక్టర్ డ్రైవర్‌గా చేరాను. అక్కడున్న బండ్లన్నింటిలోకీ ముసలిదాన్ని నాకు అప్పగించారు. నిజాం కాలంలో ఏదో జాగీరు తోట కోసం ఓడలో తెప్పించిన ట్రాక్టర్ అది. పెట్రోలు మీద మొదలుపెట్టి, ఇంజను కాగిన తర్వాత కిరసనాయిలు మీదికి మార్చాలి. తొందరపడి మారిస్తే దగ్గి ఆగిపోయేది. దాని ముందు భాగంలో రెండు ఇనుప చేతులు, ఆ చేతుల చివర ఒక తొట్టి. చేతుల కింద రెండు పక్కలా రెండు గొట్టాలు ఉండేవి. లీవర్ లాగితే ఇంజను బలంతో నూనె ఆ గొట్టాల్లోకి వెళ్లి, లోపలి ఇనుప దండాలను పైకి తోసేది. దండాలతో చేతులు, చేతులతో తొట్టి లేచేవి. పల్లెల్లో దాన్ని తొండం బండి అనేవాళ్లు. తొట్టి నిండా ఎత్తినప్పుడు వెనక చక్రాలు తేలికైపోయి బండి ముక్కు మీద పడేట్టు ఊగేది. అందుకని వెనక ఒక పెట్టె కట్టి, దాని నిండా బండరాళ్లు పోసుకుని తిరిగేవాణ్ణి. ఆ పెట్టెను చూసి, డ్రైవర్ ఇల్లు కట్టుకోవడానికి రాళ్లు పోగేసుకుంటున్నాడని నవ్వేవాళ్లు.

ఆ ఏడు భాద్రపదంలో వాగు పొంగి, మంథని పోయే దారిలో ఒక ఊరి పొలాల మీద ఇసుక మేట వేసింది. కొన్ని మడుల్లో మోకాలి లోతు, కొన్నింట్లో నడుము లోతు. ఊరివాళ్లు తట్టలతో మోశారు, ఎడ్లకు పలకలు కట్టి గీశారు. నెల తిరిగినా పది మడులు కూడా తేలలేదు. యాసంగి పంటకు నాటు వేయాలంటే ఆ ఇసుక పోవాలి. మెరక మీద నారు పోసుకుని కూర్చున్నారు. నారు ముదిరిందంటే ఆ ఏటికి తిండి లేనట్టే. అర్జీలు పెట్టుకుంటే మా ఇంజినీర్ గారు నన్నూ, తొండం బండినీ పంపించారు. 

ఊళ్లో పటేల్ ఇంటి వసారాలో నాకు బస. పట్వారీ ఒక వరస రాసిచ్చాడు. పై మడుల నుంచి మొదలుపెట్టి వాగు ఒడ్డు దాకా రావాలి. పై మడులు పెద్ద రైతులవి. ఒడ్డు మడులు చిన్నవి, ఇసుక ఎక్కువగా పడ్డవి, వరసలో చివరివి. నాకు అదేమీ పట్టలేదు. కాగితంలో ఉన్నట్టు నడిపాను.

మొదటి పన్నెండు రోజులు నా అంత మొనగాడు లేడు. తొట్టిని నేల మీద ఆనించి ఇసుకలోకి తోసి, లీవర్ లాగి, వెనక్కి వచ్చి, ఎడ్లబండ్లలో పోసేవాణ్ణి. ముప్పై మంది ఒక పూట మోసే ఇసుక నేను టీ చల్లారేలోపు ఎత్తేవాణ్ణి. ఇసుక కింద నల్లమట్టి కనిపించినప్పుడల్లా ఆ మడి రైతు వంగి చేత్తో తాకి చూసుకునేవాడు. ఆడవాళ్లు నీళ్ల బిందెలతో ఆగిపోయి చూసేవాళ్లు. ఇరవై ఏడేళ్ల మనిషికి అంతకంటే ఏం కావాలి? ఆ గొప్ప బండిదని కాకుండా నాదని అనుకోవడం మొదలుపెట్టాను.

పదమూడో రోజు పొద్దున ఎడమ గొట్టం నుంచి నూనె చిమ్మి నా కాళ్ల మీద పడింది. ఎత్తిన తొట్టి మెల్లగా వంగి, అలసిపోయిన గొడ్డులాగా నేల మీదికి దిగి కూర్చుంది. మళ్లీ లేవలేదు. గొట్టం విప్పి చూశాను. లోపలి దండం కొనకు అరచేతిలో పట్టేంత తోలు గిన్నె ఒకటి ఉంటుంది. నూనె పక్కల నుంచి జారిపోకుండా ఆపేది అదే. అది చిరిగి, నలిగి, పాత చెప్పు ముక్కలాగా బయటికి వచ్చింది.

చుట్టూ చేరినవాళ్లకు కాస్త ఎడంగా, యాభై ఏళ్ల మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. చుట్టుపక్కల ఆరేడు ఊళ్ల బావులకు మోటలు కుట్టేది ఆయనే. మోట అంటే ఎడ్లు లాగితే బావిలోంచి నీళ్లు తోడే తోలు సంచి. మీలో చాలామంది చూసి ఉండరు. ఆ తోలు ముక్కను ఒకసారి చూపించమని అడిగాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాణ్ణి పట్టుకుని, అప్పటి పాడు అలవాటు ప్రకారం, నీకెందుకురా అన్నాను. ముక్కను జేబులో వేసుకుని పెద్దపల్లి బస్సు ఎక్కాను.

కరీంనగర్ స్టోరులో ఆ గిన్నె లేదు. హైదరాబాదులోనూ లేదన్నారు. బొంబాయికి రాయాలి, అక్కడి నుంచి ఓడ మీద రావాలి. మా ఇంజినీర్ గారు మాట తక్కువ మనిషి. వారం రోజులు ఎక్కడైనా దొరుకుతుందేమో చూస్తాననీ, దొరక్కపోతే తానే వచ్చి బండిని వెనక్కి లాక్కొస్తాననీ చెప్పారు. నేను ఉత్త చేతులతో ఊరికి తిరిగి వచ్చాను. బస్సు దిగేసరికి ఊరు ఊరంతా నా చేతుల వైపే చూసింది.

తోలు పని ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి భార్య కూడా వెంట ఉంది. ఆయన ఏమీ అడగలేదు. ఆమే అడిగింది.

"చూస్తె ఏం పోతది సాబ్? ఆయన చూపుకు అరుగుతదా అది?"

ముక్క తీసి ఇచ్చాను. ఆయన దాన్ని వాసన చూశాడు. వంచి చూశాడు. అంచును గోటితో గీకి, నాలుక కొనకు తాకించుకున్నాడు. "ఇది ఎద్దు తోలు. మనం తంగేడు చెక్క ఏస్తం గదా, వాళ్లు గూడ గట్లనే ఏదో చెట్టు బెరడుతోని పదును చేసిండ్రు," అన్నాడు. దేశం కాని దేశంలో ఎవరో తన పనే చేశారని ఆయన ముఖంలో చిన్న సంబరం కనిపించింది. తర్వాత గొట్టం లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పి, ఒక దారంతో కొలత తీసుకున్నాడు. నాలుగు రోజులు పడుతుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ నాలుగు రోజులూ నాకు వేరే పని లేదు కనుక వాళ్ల వాకిట్లోకి పోయి దూరంగా నిలబడేవాణ్ణి. మోట కోసం దాచిన తోల్లోంచి, వెన్ను భాగం ముక్క ఒకటి కోశాడు. పొట్ట భాగం సాగుతుందని, అది పనికిరాదని చెప్పాడు. వడ్రంగి చేత రెండు చెక్కలు చేయించాడు. ఒకదానికి గుండ్రటి గుంట, రెండోదానికి ఆ గుంటలో పట్టే గుండ్రటి మొద్దు. నానబెట్టిన తోలును గుంట మీద పరిచి, మొద్దును ఒత్తి, పైన తిరగలి రాయి పెట్టాడు. రెండు రోజులు దాన్ని కదల్చలేదు. తీసేసరికి తోలు గిన్నె అయి ఉంది. నీడలో ఆరిన తర్వాత దాన్ని భార్య చేతికి ఇచ్చాడు. మైనం, ఆముదం కలిపి గోరువెచ్చగా పట్టించడం ఆమె పని. ఆముదం ఎక్కువైతే మెత్తబడుతుంది, మైనం ఎక్కువైతే పగులుతుంది. ఎంత పాళ్లు వేస్తారని అడిగితే, వేలు ముంచి చూస్తే తెలుస్తుందని చెప్పింది. నేను ముంచి చూశాను. నాకేమీ తెలియలేదు.

శనివారం పొద్దున మోదుగాకులో పెట్టి తెచ్చి ఇచ్చాడు. నేను గొట్టాలు తుడుస్తున్నాను. ఆయన గిన్నె నోటి గురించి ఏదో చెప్పబోతే, తెలుసులే అన్నాను. నిజానికి నాకు తెలియదు. అప్పటిదాకా ఆ గొట్టాన్ని వర్క్‌షాపులో ఫిట్టర్ విప్పితే పక్కన నిలబడి చూడటమే తప్ప నేను విప్పలేదు. పాతది నలిగిపోయి ఉండటంతో అది ఎటు తిరిగి ఉండేదో కనిపెట్టలేకపోయాను. అడగడానికి నామోషీ. నాకు తోచినట్టు పెట్టి బిగించాను.

అరవై డెబ్బై మంది చేరారు. ఇంజను కాగింది. లీవర్ లాగాను. తొట్టి జానెడు లేచి, నూనెంతా దండం పక్కల నుంచి కారిపోయి, దబ్బున కింద పడింది. మళ్లీ లాగాను. మళ్లీ పడింది. ఊరివాళ్ల ముఖాలు వాడిపోయాయి. వారం రోజుల దిగులు, బండి పోతే నా మాట పోతుందన్న భయం, అన్నీ కలిసి నా నోటికి వచ్చాయి.

"చెప్పులు కుట్టుడు అనుకున్నవారా ఇది? సర్కారు బండిని ఖరాబు చేసినవ్ గదా."

అందరూ విన్నారు. ఆయన భార్య నా వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. ఆయన మాత్రం నా దగ్గరికి వచ్చి, పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా చెప్పాడు.

"ఒక్కసారి విప్పుండ్రి సాబ్. మోటల నీళ్లు వడ్డంక తోలు దానంతల అదే విచ్చుకుంటది. నోరు నీళ్ల దిక్కు లేకపోతె ఏం నిండుతది? గిది గూడ గంతే. నూనె దిక్కు నోరు పెట్టాలె."

చెప్పగానే అర్థమైంది. గిన్నె నోరు నూనె వైపు ఉంటే, నూనె బలానికి అంచులు విచ్చుకుని గొట్టం గోడకు అతుక్కుంటాయి. వెనక్కి పెడితే అదే బలానికి అంచులు ముడుచుకుని నూనెకు దారి ఇస్తాయి. నేను తిరగేసి పెట్టాను. గొట్టం విప్పాను. గిన్నెను ఆయనే తన చేత్తో తీసి, తుడిచి, తిప్పి పెట్టాడు. ఏమైందని ఎవరో అడిగితే, తోలు సర్దామని చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుని పక్కకు జరిగాడు.

ఈసారి లీవర్ లాగితే తొట్టి లేచింది. నా తల దాటి లేచింది. ఆగమన్న చోట ఆగింది. జనం కేకలు వేశారు. నేను పదిసార్లు ఎత్తి దించాను. ఆ సంబరంలో ఆయనకు ఒక్క మాట చెప్పాలన్న సంగతి తోచలేదు. తోచేసరికి వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. మర్నాడు ఆదివారం, వాళ్లు చర్చికి ప్రార్థనకు పోయే రోజు. నేనూ పోయి పిలవలేదు.

సోమవారం పొద్దున ఇంజినీర్ గారు జీపులో వచ్చారు. బండిని తీసుకుపోవడానికి వచ్చిన మనిషి, అది నడుస్తుంటే చూసి దిగారు. సంగతి తెలుసుకుని సంతోషించలేదు. ఇట్లాంటి బండికే ఎత్తిన ఇనుప చేతులు ఒక్కసారిగా పడిపోయి ఒక కూలీ కాలు పోవడం ఆయన ఎక్కడో కళ్లారా చూశారట. నాటు తోలును నమ్మి, మనుషులు తిరిగే చోట తొట్టి ఎత్తనివ్వనన్నారు. పటేల్ బతిమాలాడు. ఆయన కాసేపు ఆలోచించి, అయితే పరీక్ష పెడదామన్నారు.

తొట్టి నిండా తడి ఇసుక నింపించి, మనిషి ఎత్తుకు లేపించి, ఇంజను ఆపించారు. తొట్టి పక్కనే ఒక గుంజ పాతించి, తొట్టి అంచు ఎక్కడుందో గుంజ మీద సుద్దతో గీత గీశారు. కిందికి ఎవరినీ పోవద్దన్నారు. తర్వాత నులక మంచం తెప్పించుకుని ఎదురుగా కూర్చున్నారు. అప్పుడు పొద్దున పది దాటింది.

నా ఉద్యోగంలో అటువంటి రోజు మళ్లీ చూడలేదు. ఏమీ జరగకపోవడాన్ని చూడటానికి ఊరంతా వచ్చి కూర్చుంది. బావి దగ్గరికి పోయేవాళ్లు ఆగి, గీత వైపు చూసి, కదలలేదని ఒకరికొకరు చెప్పుకుని ముందుకు పోయేవాళ్లు. ఇద్దరు ముసలివాళ్లు తొట్టి నీడ కదిలిందని వాదించుకుంటే, కదిలింది సూర్యుడని మూడో ఆయన తీర్పు చెప్పాడు. పిట్ట ఒకటి వచ్చి తొట్టి అంచున వాలితే మనుషులందరూ ఊపిరి బిగబట్టారు. పాత తోలుతో, మంచిగా ఉన్న రోజుల్లోనే, ఇంజను ఆపితే అన్నం తిని లేచేసరికి తొట్టి జానెడు దిగేది. నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. గీత వైపు చూడటానికి భయమై, నా చేతులనే చూసుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం ఇంజినీర్ గారు తోలు పని చేసినాయన్ని పిలిపించారు. ఆయన వచ్చి దూరంగా నిలబడ్డాడు. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు. అప్పుడు ఇంజినీర్ గారే మంచం దిగి, ఆయన దగ్గరికి నడిచి వెళ్లి, నిలబడే మాట్లాడారు. తోలు ఎక్కడిది, ఎన్నాళ్లు నానింది, మైనం ఎందుకు అని చాలాసేపు అడిగారు. ఆయన ఒక్కో మాటే చెప్పాడు. ఎక్కువ చెప్పాల్సిన చోట భార్య అందుకుంది. మా ఇంజినీర్ గారు అంతసేపు ఎవరి మాటైనా వినడం నేను చూడలేదు.

నాలుగు గంటలకు లేచి గుంజ దగ్గరికి వెళ్లారు. సుద్ద గీతకూ తొట్టి అంచుకూ మధ్య తన చిటికెన వేలు పెట్టి చూశారు. వేలు పట్టలేదు. అందరూ లేచి నిలబడ్డారు. ఆయన వెనక్కి తిరిగి, మొదటిసారి పెట్టినప్పుడే ఇట్లా కుదిరిందా అని అడిగారు.

అడిగింది తోలు పని ఆయన్ని. చెప్పాల్సింది నేను. నాకు ఒక క్షణం కాదు, చాలా సమయం దొరికింది. తోలు నోరు ఎటుండాలో తెలియక, అడగక, తిరగేసి పెట్టి, పైగా పెద్దమనిషిని తిట్టానని చెబితే ఆ సాయంత్రమే నన్ను జీపులో ఎక్కించుకుని పోతారు. నేను గీత వైపు చూస్తూ నిలబడ్డాను.

"మొదటిసారి జర కుదరలే సారూ," అన్నాడాయన. "రెండోసారి మంచిగైంది."

ఇంజినీర్ గారు తల ఊపారు. రెండో గొట్టానికి కూడా ఒక గిన్నె చేసి ఉంచమన్నారు. నీకేం కావాలో అడగమన్నారు. ఆయన తన కోసం ఏమీ అడగలేదు. ఒడ్డు మడులు వరసలో ఆఖరుకున్నాయని, వాటి వంతు వచ్చేసరికి నారు ముదిరిపోతుందని, బండి ఒక రోజు పై నుంచి, ఒక రోజు ఒడ్డు నుంచి చేస్తే అందరికీ అందుతుందని చెప్పాడు. ఇంజినీర్ గారు పటేల్ వైపు చూశారు. అంతమంది ముందు పటేల్ కాదనలేకపోయాడు.

అట్లాగే చేశాను. ఇరవై రోజుల పైన పట్టింది. ఆయన మడి పది గుంటలు, అంటే పావు ఎకరం ఉంటుందేమో, వాగును ఆనుకుని ఉంది. దాని మీద నడుము లోతు ఇసుక. నేను ఎత్తుతుంటే మూలల్లో తొట్టి అందని చోట వాళ్లిద్దరూ తట్టలతో తోడారు. నల్లమట్టి తేలిన రోజునే ఆమె నారు కట్టలు తెచ్చి గట్టు మీద పెట్టింది. అప్పటికే నేను ఆయన్ని చిన్నాన్న వరస పెట్టి కాకా అని పిలవడం మొదలుపెట్టాను. తిట్టినందుకు మాత్రం ఒక్క మాట అనలేదు. రేపు చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే బండిని కరీంనగర్ తోలుకొచ్చేశాను.

బొంబాయి నుంచి అసలు గిన్నె మరుసటి వానాకాలానికి వచ్చింది. ఇంజినీర్ గారు దాన్ని విప్పి చూసి, కాకా చేసింది పాడైనప్పుడు వేద్దామని బీరువాలో పెట్టించారు. నేను ఆ బండి నడిపినన్నాళ్లూ బీరువా తెరవాల్సిన పని పడలేదు. మిగతా బండ్ల తోళ్లు కూడా ఆ ఊరికే పంపించేవాళ్లం. ఆయనకు వర్క్‌షాపులో కొలువు ఇప్పించాలని ఇంజినీర్ గారు చాలా తిరిగారు. చదువు లేదని పైవాళ్లు ఒప్పుకోలేదు. ఏడో తరగతి పాసైన నేను గిన్నెను తిరగేసి పెట్టిన సంగతి ఆ పైవాళ్లకు ఎవరు చెప్తారు?

ఐదారేళ్ల తర్వాత నాకు ఆదిలాబాద్ బదిలీ అయింది. పోయే ముందు ఆ ఊరికి వెళ్లాను. బావుల మీద ఆయిలింజన్లు వచ్చేశాయి. మోటలు సగం మూలపడ్డాయి. ఆయన దిగాలుగా ఉంటాడని అనుకుంటూ పోయాను. చూస్తే వాకిట్లో పది మంది రైతులు కూర్చుని ఉన్నారు. పంపులు నీళ్లు పట్టుకోవాలంటే కింద తోలు వాషర్లు కావాలి కదా. వాటిని ఆయన చెక్కల మధ్య ఒత్తి తీస్తున్నాడు. భార్య మైనం పట్టిస్తోంది. నన్ను చూసి ఇద్దరూ లేచారు.

అంతమంది ముందు అన్న మాట అంతమంది ముందే వెనక్కి తీసుకోవాలని నేను ముందే అనుకుని వచ్చాను. నిలబడే చెప్పాను. ఆ రోజు తోలు తప్పేమీ లేదని, నేనే తిరగేసి పెట్టానని, ఇంజినీర్ గారు అడిగినప్పుడు కాకా నా తప్పును తన మీద వేసుకున్నాడని, క్షమించమని.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక ముసలి రైతు చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"గది మాకు గప్పుడే ఎరుకే డ్రైవర్ సాబ్. పుట్టినకాడికెల్లి మోట కొట్టినోళ్లం. తోలు నోరు ఎటుండాల్నో మాకు తెల్వదా? ఆయన తీసి తిప్పిపెడుతుంటె అందరం చూస్తిమి."

అరవై డెబ్బై మందికి తెలుసు. పరీక్ష రోజున ఇంజినీర్ గారు అడిగినప్పుడు వాళ్లందరూ అక్కడే ఉన్నారు. మరి ఒక్కరైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జవాబు మళ్లీ ఆమే చెప్పింది, చేతిలో పని ఆపకుండా.

"చెప్తె నిన్ను తోల్కపోదురు బిడ్డా. ఇంకో డ్రైవర్ వచ్చేదాంక మా నారు ఆగుతదా?"

కాకా నవ్వాడు. కూర్చోమని పీట జరిపాడు. నేను ఆ ఐదారేళ్లూ నా తప్పు ఎవరికీ తెలియదనుకుని తిరిగాను. ఆ ఊరివాళ్లు మాత్రం అన్నీ తెలిసే, బండి ఊరు దాటేదాకా ఒక్క పూట తప్పకుండా నాకు గట్టు మీదికి జొన్న రొట్టె పంపించారు.